గిన్నెలొచ్చాయి, స్టార్లు రాలేదు

నల్లకుంటలో కర్రీ పాయింట్లకు కరువు లేదు. మా ఇంటికి దగ్గర్లో ఉన్నదాన్ని నడిపే అక్క రెండు నెలల కింద దుకాణం మార్చింది. ఎంతో దూరం కాదు, రెండు సందులవతలికి. ఇంటాయన కిరాయి పెంచాడు, ఈమె అంత ఇవ్వలేనంది, ఒక ఆదివారం ట్రాలీ ఆటోలో గిన్నెలూ స్టవ్వులూ ఫ్రిజ్జూ వేసుకుని వెళ్ళిపోయింది. సోమవారం పదకొండయ్యేసరికి కొత్త చోట గోంగూర పప్పు పొగలు కక్కుతోంది. నడిచొచ్చే గిరాకీ కూడా పెద్దగా తగ్గలేదు. పాత షట్టరు మీద సుద్దముక్కతో బాణం గీసి కొత్త అడ్రసు రాసిపెట్టింది, జనం ఆ బాణం పట్టుకుని వచ్చేశారు.

ఫుడ్ డెలివరీ యాప్‌లో అలాంటి బాణం గీయడానికి గోడ లేదు. అడ్రసు మారింది కనుక ఫుడ్ లైసెన్సు మారింది, లైసెన్సు మారింది కనుక కొత్త ఖాతా తెరవమన్నారట. కొత్త ఖాతా అంటే వాళ్ళ లెక్కలో కొత్త హోటల్. నాలుగేళ్ళుగా జనం ఇచ్చిన స్టార్లు, రాసిన రివ్యూలు, ఆకలేసినప్పుడు ఫోన్ తెరిస్తే మొదటి పది పేర్లలో ఉండే చోటు, అన్నీ పాత ఖాతాలోనే మిగిలిపోయాయి. ఇప్పుడు మళ్ళీ పైకి కనిపించాలంటే అదే యాప్‌కు ప్రకటన డబ్బులు కట్టుకోవాలి.

"ఇంటాయన కాడికెళ్లి లేస్తే గిన్నెలన్న తెచ్చుకున్న తమ్మీ. వీళ్ల కాడికెళ్లి ఏం తెచ్చుకోవాలె?" అంది, సొరకాయ కూర కవర్లో పోస్తూ.

నేను అకౌంట్లు రాసుకుని బతికేవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర పద్దు లేదు. ఇంటికొచ్చి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెడితే ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది: "నచ్చకపోతే మానేయొచ్చుగా అండీ, ఎవరు బలవంతం చేశారు?" దానికి పదమూడు బొటనవేళ్ళు. ఈ వ్యాసం ఆ బొటనవేళ్ళకు నా జవాబు. కాస్త ఆలస్యమైంది, కాస్త పొడుగూ అయింది.

గంజిలో ఒక్కటే దుకాణం

మా తాత దేవరకొండ వైపు నుంచి మలక్‌పేట గంజికి, అంటే అక్కడి మార్కెట్‌కు, మిర్చి తెచ్చేవాడు. గంజిలో రైతు సరుకు అమ్మిపెట్టి కమీషను పట్టుకునే అడ్తి దుకాణాలు వరసగా బోలెడు. ఆయన మాత్రం బతికినన్నాళ్ళూ ఒకే దుకాణం ముందు బస్తాలు దించాడు. విత్తనాలకు, మందులకు, మా పెద్దత్త పెళ్ళికి అప్పిచ్చింది ఆ సేటే మరి. అప్పు తీరేదాకా పంట పక్క దుకాణంలో దించే మాటే లేదు. సేటు చెప్పిన ధర, సేటు తీసిన తరుగు, సేటు పట్టుకున్న కమీషను. బయటివాడెవడైనా గంజికొచ్చి చూస్తే, ఇన్ని దుకాణాలా, ఎంత పోటీ అని ముక్కున వేలేసుకునేవాడు. మా తాతకు ఆ గంజిలో ఒక్కటే దుకాణం ఉండేది.

దుకాణాలెన్ని అని లెక్కపెట్టేకన్నా, ఒక దుకాణం నుంచి లేచి ఇంకోదానికి పోవడానికి ఆ మనిషికి ఎంత ఖర్చవుతుందని అడిగితే గంజి గుట్టు బయటపడుతుంది. నా అభిప్రాయం మొత్తం ఇంతే. డిజిటల్ మార్కెట్ల మీద చర్చ ఎప్పుడొచ్చినా రెండు ప్రశ్నలే వినిపిస్తాయి: కంపెనీ ఎంత పెద్దది, కొనేవాడికి ధర పెరిగిందా. మూడో ప్రశ్న, అంటే అమ్మేవాడు లేచిపోగలడా అన్నది, మన చర్చల్లో ఎక్కడో చివర బెంచీలో కూర్చుంటుంది.

అక్కకు యాప్ అప్పివ్వలేదు. ఆమె మంచిపేరును తన గోదాములో దాచిపెట్టింది, అంతే. పంట ఆమెది, గోదాము వాళ్ళది. మామూలు గోదాములో బస్తా పెడితే రసీదిస్తారు. దీనికి రసీదు లేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆమె యాప్‌లో చేరింది కరోనా రెండో వేవ్ అప్పుడు. ఆ నెలల్లో యాప్ లేకపోతే పొయ్యి ఆరిపోయేదని ఆమే చెబుతుంది. బర్కత్‌పుర నుంచి, విద్యానగర్ నుంచి నడిచి రాని వాళ్ళందరికీ ఆమె కూర రుచి తెలిసింది యాప్ వల్లనే. ఆమె నెలవారీ స్టేట్‌మెంట్ ఒకసారి నేనే చూసిపెట్టాను. కమీషను, దాని మీద 18 శాతం జీఎస్టీ, డిస్కౌంటులో ఆమె వాటా, ప్రకటనల ఖర్చు, రద్దయిన ఆర్డర్ల కోత. అన్నీ పోను 100 రూపాయల కూరకు 62 చేతికొచ్చిన నెలలున్నాయి. అందుకే దుకాణంలో 40 ఉన్న పప్పు యాప్‌లో 60. అయినా డెలివరీ అబ్బాయిని సొంతంగా పెట్టుకుంటే అంతకన్నా ఎక్కువే అవుతుందని లెక్కేసి చూపించింది కూడా ఆమే. కమీషను ఎక్కువా తక్కువా అన్న తగాదాలోకి నేను దిగను. ఆ తగాదా తేల్చాల్సింది బేరం. బేరమాడటానికి లేచిపోతానని బెదిరించే శక్తి కావాలి. ఆమెకు లేనిది అదే.

కమిషన్ కళ్ళద్దాలు

గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి వచ్చిన 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టానికి పెద్ద కంపెనీ అంటేనే అనుమానం. దాని స్థానంలో వచ్చిన 2002 కాంపిటీషన్ చట్టం మాట మార్చింది: పెద్దగా ఉండటం నేరం కాదు, ఆ పెద్దరికాన్ని దుర్వినియోగం చేస్తేనే నేరం. ఇంతవరకు నాకు పేచీ లేదు. కానీ ముందు ఆధిపత్యం ఉందని తేలాలి, ఆ తర్వాతే దుర్వినియోగం మాటెత్తాలి. ఈ వరస దగ్గరే చిక్కు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ఉచితంగా పంచినప్పుడు ఎయిర్‌టెల్ ఆ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్ళింది. 2017 జూన్‌లో కమిషన్ ఆ ఫిర్యాదు కొట్టేసింది. కొత్తగా వచ్చిన సంస్థకు ఆధిపత్యం లేదు, ఆధిపత్యం లేనిదే నష్టానికి అమ్మి పోటీదారుల్ని వెళ్ళగొడుతున్నారన్న ఆరోపణ నిలవదు. చట్టం ప్రకారం తర్కం సరిగ్గానే ఉంది. ఆ సిమ్ కోసం క్యూలో నిలబడ్డవాణ్ణి నేను కూడా, కాబట్టి పెద్ద మాటలు మాట్లాడను. కాకపోతే జనం అంతా ఒకచోట చేరేకొద్దీ ఆ చోటు విలువ పెరిగే వ్యాపారాల్లో, వాటా పెరిగాక చూద్దాం అంటే, చూసే నాటికి ఫిర్యాదు చేసేవాడు మిగలకపోవచ్చు.

ఇక జరిమానాలు. 2022 అక్టోబరులో వారం తిరక్కుండానే గూగుల్‌కు రెండు పడ్డాయి: ఆండ్రాయిడ్ వ్యవహారంలో 1,337.76 కోట్లు, ప్లే స్టోర్ చెల్లింపుల వ్యవహారంలో 936.44 కోట్లు. రెండోది 2025 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ దగ్గర 216.69 కోట్లకు దిగింది. పత్రికల్లో పతాక శీర్షికలన్నీ ఈ అంకెలకే. అంకెల మీద బతికే నాకే వీటిలో అసలు విశేషం కనబడలేదు. డబ్బు ఖజానాకు పోతుంది, అందులోంచి దెబ్బ తిన్నవాడికి పైసా రాదు. అసలు విశేషం జరిమానా పక్కన రాసిన ఆదేశాల్లో ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వనన్నాక, ఫోన్ తయారీదారులు గూగుల్ యాప్‌లను మూటగా కాకుండా విడివిడిగా తీసుకోవచ్చని, వాడుకునేవాళ్ళు వేరే సెర్చ్ ఇంజిన్ ఎంచుకోవచ్చని గూగుల్ ప్రకటించాల్సి వచ్చింది. వెయ్యి కోట్ల కన్నా ఆ రెండు వాక్యాల బరువు ఎక్కువని నా నమ్మకం.

ఆ అక్టోబరులోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది, దాని గురించి తక్కువ మాట్లాడుకున్నాం. హోటల్ గదులు బుక్ చేసే మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223 కోట్లు, హోటళ్ళ గొలుసు ఓయోకు 168 కోట్లు జరిమానా. హోటల్‌వాళ్ళు తమ గది ఇంకే వెబ్‌సైటులోనూ ఇంతకన్నా తక్కువకు ఇవ్వకూడదన్న షరతు అందులో ముఖ్యమైన తప్పు. ఓయోతో కుదుర్చుకున్న ఒప్పందం వల్ల దాని పోటీదారులు ఫ్యాబ్ హోటల్స్, ట్రీబో మేక్‌మైట్రిప్ పోర్టల్ నుంచి మాయమవ్వడం ఇంకో తప్పు. మొదటి షరతును గంజి భాషలో చెబితే, "పక్క దుకాణంలో దించుకో, నాకేం అభ్యంతరం లేదు, కానీ అక్కడ ధర ఇక్కడికన్నా తగ్గకూడదు" అన్నట్టు. తలుపు తెరిచే ఉంటుంది, గడప అవతల గొయ్యి ఉంటుంది.

రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదు మీద జొమాటో, స్విగ్గీలపై విచారణకు కమిషన్ ఆదేశించింది 2022 ఏప్రిల్‌లో. ఈ విచారణల నెమ్మది నడక చూశాక, తప్పు జరిగాక పట్టుకోవడం కన్నా ముందే నియమం పెట్టడం మేలన్న వాదన వైపు నేను మొగ్గాను. యూరప్ ఆ పని చేసింది, వాళ్ళ డిజిటల్ మార్కెట్ల చట్టం 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలకు పూర్తిగా వర్తిస్తోంది. సరిగ్గా అదే నెలలో మన దగ్గర డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటికొచ్చింది.

తాడు రెండో కొస

గ్రూపులో రెండో జవాబు కాస్త ఆలోచించి రాసింది. "యాప్‌లు రెండున్నాయి కదా, ఒకటి ఏడిపిస్తే రెండోదానికి పోవచ్చు." పోవడమేమిటి, అక్క రెండింట్లోనూ ఉంది. అందరూ ఉంటారు. చిక్కు మా ఇంట్లో ఉంది.

మేం ఒకదానికి మెంబర్‌షిప్ కట్టాం, డెలివరీ ఉచితం. డబ్బు కట్టాక రెండో యాప్ తెరవడం మానేశాం, మా ఆవిడ ఫోన్లోంచి తీసేసింది కూడా. అంటే మా గుమ్మం దాకా కూర చేరాలంటే అక్కకు ఒకటే దారి. ఎదురు ఫ్లాటువాళ్ళు రెండో యాప్ మనుషులు, వాళ్ళను చేరడానికి అదొక్కటే దారి. కొనేవాళ్ళు ఒక్కో గూటికి అంటుకుపోయి, అమ్మేవాళ్ళు మాత్రం అన్ని గూళ్ళకూ తిరగాల్సి వస్తే, యాప్‌లు రెండున్నా పదున్నా ఎవరి వాకిట్లో వాళ్ళే రాజు. మార్క్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆర్థికవేత్త 2006లో దీన్ని సీసా మెడతో పోల్చి లెక్కలు కట్టాడు. కొనేవాళ్ళ కోసం యాప్‌లు నిజంగానే గట్టిగా కొట్టుకుంటాయి. ఆ కొట్లాట ఖర్చు అమ్మేవాళ్ళ దగ్గర రాబట్టుకుంటాయి.

ఒక పక్క తక్కువ తీసుకుని ఇంకో పక్క ఎక్కువ వసూలు చేయడం తప్పని అనను. దినపత్రిక మనకు అచ్చు ఖర్చుకన్నా తక్కువకే వస్తుంది, తేడా ప్రకటనలవాళ్ళు కడతారు. ఈ రెండు పక్కల బజారు గుట్టు విప్పిన జీన్ టిరోల్‌కు 2014లో నోబెల్ ఇచ్చారు. ఒక పక్క ధర మాత్రమే చూసి ఇది మోసం, ఇది దానం అని తేల్చకూడదన్నది ఆ సిద్ధాంతం నేర్పిన జాగ్రత్త. అది రెండు వైపులా పదునున్న జాగ్రత్త. "కొనేవాడికి చవగ్గా వస్తోందిగా, ఇంకేం బాధ" అనేవాళ్ళకూ వర్తిస్తుంది.

సేటు మా తాతను అప్పుతో కట్టేశాడు. యాప్ అక్కను నా ఉచిత డెలివరీతో కట్టేసింది. తాడు రెండో కొస నా చేతిలోనే ఉందని తెలిశాక గ్రూపులో వాదించే ఉత్సాహం రెండ్రోజులు తగ్గింది. మెంబర్‌షిప్ రద్దు చేశానా? లేదు. ఇంకా నెలన్నర మిగిలుంది.

ఆటోవాళ్ళకు ఎలా కుదిరింది

నా వాదనకు ఎదురు సాక్ష్యం ఉప్పల్ నుంచి వస్తుంటే ఆటోలోనే దొరికింది. డ్యాష్‌బోర్డు మీద రెండు ఫోన్లు, వాటిలో మూడు యాప్‌లు. "ఏది మోగితే దానికి పోతం సార్, మనకేంది" అన్నాడు డ్రైవరు. బెంగళూరులో 2022లో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ వచ్చి కమీషను వద్దు, చందా చాలు అన్నాక, ఆటోల విషయంలో పెద్ద కంపెనీలు కూడా ఒకదాని వెంట ఒకటి అదే దారి పట్టాయి. 2025లో ఉబర్ సైతం. చందాకు మారమని ఏ కమిషనూ, ఏ చట్టమూ చెప్పలేదు. పోటీయే పని చేసింది.

మరి కూరకు కుదరనిది ఆటోకు ఎందుకు కుదిరింది? ఆటో ఎక్కేటప్పుడు డ్రైవరు నాలుగేళ్ళ చరిత్ర ఎవరూ చూడరు, ఎవరు ముందొస్తే వాళ్ళే. మనమూ రెండు యాప్‌లు తెరిచి ఏది పది రూపాయలు తక్కువో చూసుకుంటాం. అటు డ్రైవరుకూ ఇటు మనకూ లేచిపోవడానికి ఖర్చు లేదు. కూర దగ్గర రెండు పక్కలా తాళం: ఆమెకు స్టార్లు, నాకు మెంబర్‌షిప్. కాబట్టి ఈ సాక్ష్యం చివరికి నా వైపే తిరిగిందని అనుకుంటున్నాను. (కమీషను పోయాక "ఇంకో ముప్పై ఇయ్యుండ్రి సార్" పెరిగిందన్నది వేరే సంగతి. అది మీరూ రోజూ పడుతున్నదే.)

బావమరిది కోపం

రాయదుర్గంలో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ మెట్ల మీద కూర్చుని మా బావమరిది నాకు గంటసేపు క్లాసు తీసుకున్నాడు. వాడిది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. "బావా, మమ్మల్ని చివరికి కొనేదెవరనుకుంటున్నావ్? ఆ పెద్దవాళ్ళే. వాళ్ళ చేతులు కట్టేస్తే మాలో డబ్బు పెట్టినవాళ్ళకు తిరిగెట్లా వస్తుంది?" డిజిటల్ బిల్లు ముసాయిదా ఎవరికి వర్తిస్తుందో తేల్చే హద్దుల గురించి చెప్పాను: దేశంలో 4,000 కోట్ల టర్నోవరు లాంటి ఆర్థిక కొలతలు, దాంతో పాటు కోటి మంది వాడకందార్లో 10,000 వ్యాపార ఖాతాలో ఉండాలి. నువ్వు అంతవాడివైతే అప్పుడు ఏడుద్దాం అన్నాను. నవ్వలేదు.

వాడి అసలు దెబ్బ తర్వాత తగిలింది. మ్యాపులు, లాగిన్, చెల్లింపు, ప్రకటనలు, అన్నీ ఒకే చోట అతికించి ఇవ్వడం వల్లే ముగ్గురు మనుషులు కంపెనీ పెట్టగలుగుతున్నారట. ఆ అతుకులు విప్పేస్తే ఖర్చు ముందు తగిలేది చిన్నవాడికే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అతికించి ఇవ్వడాన్ని నిషేధించకుండా, విడిగా అడిగినవాడికి విడిగా ఇవ్వక తప్పదనొచ్చు. కానీ విడిగా ఇచ్చేదాని ధర ఎవరు తేలుస్తారు? అక్కడికొచ్చేసరికి మళ్ళీ ఒక ఆఫీసు, ఒక ఫైలు, నాలాంటి ఒక గుమాస్తా.

తలుపు తెరిచినా కదలని జనం

ఇంకో చిక్కు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. యూపీఐలో తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. అక్క గోడ మీద ఏ కంపెనీ క్యూఆర్ ఉన్నా నేను నా యాప్‌తో కొడతాను, యాప్ మార్చుకున్నా నా బ్యాంకు ఖాతా అదే. అయినా ఫోన్‌పే, గూగుల్ పే కలిపి సుమారు 80 శాతం లావాదేవీలు మోస్తున్నాయి. ఏ యాప్ వాటా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020 నవంబరులోనే చెప్పింది. గడువు జరిగి జరిగి 2026 చివరికి చేరింది.

నా కొలతతో కొలిస్తే ఇది భయపడాల్సిన పరిస్థితి కాదు. రేపు ఆ రెండిట్లో ఏదైనా వేషాలు వేస్తే స్టిక్కరు చింపి ఇంకోటి అతికించడానికి ఒక పూట చాలు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. సెల్ నంబరు సంగతీ అంతే. 2011 జనవరి 20 నుంచి దేశమంతా నంబరు మనతోనే వస్తోంది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ధరలు పెంచినప్పుడు అదే నంబరు పట్టుకుని బీఎస్‌ఎన్‌ఎల్‌కు వెళ్ళినవాళ్ళు మా చుట్టాల్లోనే నలుగురున్నారు. కాకపోతే నంబరు తీసుకెళ్ళే హక్కు కంపెనీల సంఖ్యను కాపాడలేకపోయింది, యూపీఐలో చార్జీ సున్నా కాబట్టి కొత్తవాడు ఏ ధర తగ్గించి లోపలికొస్తాడో నాకు తెలియదు. తలుపు తెరవడం అవసరం అంటాను. అదొక్కటే చాలు అనే ధైర్యం ఈ పేరా రాశాక తగ్గింది.

స్టార్లు ఎవరివి

నేను కోరేది చెప్పడానికి చిన్నదే. పాత ఖాతా నుంచి కొత్త ఖాతాకు, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు, సంపాదించుకున్న పేరు వెంట రావాలి. ఇంకో చోట తక్కువకు అమ్మకూడదన్న షరతు ఏ రూపంలో ఉన్నా చెల్లకూడదు. గంజి నడిపేవాడే పక్కన కొట్టు పెట్టి, అందరి చిట్టాలూ చూసి తన సరుక్కి పెద్దపీట వేసుకోకూడదు. చివరిది ముసాయిదాలో దాదాపుగా ఉంది. డేటాను వెంట తీసుకెళ్ళనివ్వాలన్న మాట కూడా ఉంది. కానీ స్టారు ఎవరి డేటా? ఇచ్చింది నేను, సంపాదించింది ఆమె, దొంగ రివ్యూలు ఏరి శుభ్రంగా ఉంచింది యాప్. అందరూ పట్టుకుపోయే తోటకు ఎవరు నీళ్ళు పోస్తారని మా బావమరిది అడిగాడు, సరైన ప్రశ్నే. ఆమెకు నా ఫోన్ నంబరు కూడా ఇవ్వాలా అంటే, వద్దు బాబూ. ఒక నగల దుకాణానికి ఇచ్చిన పాపానికి అక్షయ తృతీయకు పది రోజుల ముందు నుంచి నా ఫోన్ నాది కాకుండా పోతుంది.

నిన్న సాయంత్రం వెళితే కౌంటరు మీద అట్టముక్క కనబడింది. ఆమె కొడుకు రాసినట్టుంది: "యాప్‌లో మాకు 5 స్టార్లు ఇవ్వండి, పెరుగు మిర్చి ఫ్రీ". పెరుగు మిర్చి వద్దని, గుత్తి వంకాయ తీసుకుని ఇంటికొచ్చాను. ఉప్పెక్కువైంది. మా ఆవిడ పెరుగు కలుపుకుని ఎలాగో కానిచ్చింది. నేను ఫోన్ తీసి, కొత్త ఖాతా వెతికి పట్టుకుని, ఐదు నొక్కాను.